కొనవద్దంటున్నారు, పేరు తలవవద్దంటున్నారు

విశాఖపట్నం నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు బయటపెట్టవద్దని కోరారు. ఆమె రాసిన సంగతులు క్లుప్తంగా ఇవి.

ఆమెకు 28 ఏళ్లు. ఋషికొండ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. భర్త సరకుల ఓడలో ఇంజనీరు, ఏడాదిలో సగం సముద్రం మీదే గడుస్తుంది. పెళ్లయిన ఏడాదికి వచ్చిన తొలి గర్భం మూడో నెలలోనే పోయింది. ఇప్పుడు ఎనిమిదో నెల. అక్టోబరు మొదటి వారంలో కాన్పు కావచ్చని డాక్టరు చెప్పారు. భర్త ఓడ దిగేసరికి ఆ నెలాఖరు అవుతుంది. ఆమె అత్తమామల దగ్గరే ఉంటున్నారు. చూపించుకుంటున్న ఆసుపత్రి ఇక్కడే కనుక తొలి కాన్పే అయినా పుట్టింటికి వెళ్లడం లేదు. శ్రీకాకుళం జిల్లాలోని పల్లె నుంచి తల్లే వారం ముందు వస్తారు.

మొదటి చిక్కు కొనుగోళ్లది. బిడ్డ భూమ్మీద పడేదాకా ఒక్క గుడ్డముక్క కూడా గడప దాటి లోపలికి రాకూడదని అత్తగారి పట్టు. భర్త మాత్రం ఓడలో తోటి ఉద్యోగి ఇచ్చిన జాబితా ముందు పెట్టుకుని ఫోనులోనే ఒకటొకటిగా ఆర్డరు పెడుతున్నారు. మొత్తం 62 వస్తువులు. అవి సీతమ్మధారలో ఉండే స్నేహితురాలి ఇంటికి చేరుతున్నాయి. అక్కడి నుంచి ఈమె ఆఫీసు సంచిలో రెండేసి మూడేసి తెచ్చి మంచం కింద దాచారు. పోయిన వారం ఇల్లు తుడిపిస్తూ అత్తగారు ఆ డబ్బాలు చూశారు. "ఒక్క మాట అనలేదు. చిన్న మేజోళ్ల జత కవరులోంచి తీసి, రెండు వేళ్లకు తొడుక్కుని కాసేపు చూశారు. మళ్లీ మడిచి అదే కవరులో పెట్టేశారు. ఆ రాత్రి అన్నం తినలేదు. అప్పటి నుంచి అవసరానికే మాట్లాడుతున్నారు. తిట్టినా బాగుండేది" అని రాశారు.

రెండో చిక్కు పేరు. ఆడపిల్ల అయితే అద్విక, మగపిల్లవాడైతే రియాన్ష్ అని భార్యాభర్తలు అనుకున్నారు. మామగారు తన తల్లి పేరు అప్పలనరసమ్మ పెట్టాలంటున్నారు, మగపిల్లవాడైతే సింహాద్రి. చిన్నప్పుడే తండ్రి పోతే ఆ తల్లి పూర్ణా మార్కెట్‌లో కూరగాయలు అమ్మి ఆయనను చదివించిందట. అత్తగారు ఎటువైపూ మాట్లాడరు. పేరు మాట ఎత్తగానే లేచి వంటింట్లోకి వెళ్లిపోతారు. భర్తను అడిగితే "నువ్వే నాన్నకు నెమ్మదిగా చెప్పు" అంటారు.

ఉత్తరం ముగించి సంతకం చేశాక, దాని కింద ఒక వాక్యం రాశారు. "మా ఆయన కంటే ముందు అత్తగారికి ఒక పాప పుట్టి తొమ్మిదో రోజున పోయిందని మా వదినగారు ఒకసారి చెప్పారు. దీనికీ దానికీ సంబంధం లేదేమో, అయినా రాస్తున్నాను."

"నేను మూఢనమ్మకాలకు తలవంచాలా? నా బిడ్డకు నచ్చిన పేరు పెట్టుకునే హక్కు నాకు లేదా?" అన్నది ఆమె ప్రశ్న.

* * *

అమ్మా, మీ ఉత్తరంలో సంతకం కింద ఉన్న ఆ వాక్యం చదివాక మిగతా నాలుగు పేజీలూ నాకు వేరేగా అర్థమయ్యాయి. సంబంధం ఉంది. చాలా ఉంది.

తొమ్మిదో రోజు అంటే ఇంకా పురుడు తీరలేదు. 21వ రోజు బారసాల జరగలేదు. ఆ పాపను ఊయలలో వేయలేదు, పేరు పెట్టలేదు. మీ ఆయన వయసును బట్టి చూస్తే ఇది 30 ఏళ్ల పైమాట. అప్పట్లో అలా పోయిన పసికందు గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కారు. "మళ్లీ పుడతారులే" అని తల్లి నోరు మూయించేవారు. పోయిన బిడ్డకు పేరైనా లేకపోతే ఆ తల్లి ఏమని తలుచుకుంటుంది? ఎవరో ముందే ముచ్చటపడి కొన్న చొక్కాలూ టోపీలూ ఆ ఇంట్లో మిగిలే ఉంటాయి. వాటిని మూట కట్టవలసి వచ్చింది కూడా బహుశా ఆవిడే.

ఇప్పుడు ఆ మేజోళ్ల సంగతి మళ్లీ చూడండి. కోపం వచ్చిన మనిషి వాటిని విసిరికొడుతుంది, లేదా మీ ముందు పెట్టి నిలదీస్తుంది. ఆవిడ వేళ్లకు తొడుక్కుని చూశారు. అంత చిన్న పాదం ఎంత ఉంటుందో ఆవిడకు తెలుసు. అన్నం తినకపోవడాన్ని మీరు అలక అనుకున్నారు. నేనైతే ఆ రాత్రి ఆవిడకు ముద్ద దిగలేదని అనుకుంటున్నాను.

మీ గురించి కూడా ఒక మాట చెప్పనివ్వండి. మూడో నెలలో పోయిన గర్భం గురించి మీరు ఒక్క వాక్యంతో సరిపెట్టారు. కొన్న వస్తువుల గురించి పేజీన్నర రాశారు. ఒక్కో డబ్బా మంచం కిందికి చేరుతుంటే, ఈసారి బిడ్డ తప్పకుండా చేతికి వస్తుందని మీకు మీరే ధైర్యం చెప్పుకుంటున్నారు. అందులో తప్పేమీ లేదు. ఆవిడ అదే భయంతో వద్దంటున్నారు, మీరు అదే భయంతో కొంటున్నారు. ఒకే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరికీ ఒక్కో కడుపుకోత, ఆ సంగతి మూడేళ్లలో ఒక్కసారి కూడా ఒకరితో ఒకరు అనుకోలేదు. నన్ను బాధపెట్టింది అదే.

అందుకని మూఢనమ్మకం అనే మాటను కొంతకాలం పక్కన పెట్టమంటాను. నమ్మకాల విషయంలో నాకు ఒక్కటే కొలత. బిడ్డ నోట్లోకి, కంట్లోకి, ముక్కులోకి, బొడ్డు మీదికి వెళ్లేదేదైనా డాక్టరు మాటే వినాలి. అందులో ఎంత పెద్దవారు చెప్పినా రాజీ లేదు. తేనె నాకించడం, వస అరగదీసి పోయడం, కళ్లకు కాటుక, బొడ్డుకు పసుపో నూనో రాయడం, గది నిండా సాంబ్రాణి పొగ వేయడం ఈ కోవలోకి వస్తాయి. ఏడాది నిండని బిడ్డకు తేనె ప్రమాదం కూడా. పుట్టిన గంటలోపు ముర్రుపాలు, ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కరలేదు. ఇవన్నీ మీ నోటితో చెబితే తగవులా వినిపిస్తుంది. వచ్చే పరీక్షకు అత్తగారిని వెంటబెట్టుకుని వెళ్లి, ఆవిడ ముందే డాక్టరును అడగండి. అరికాలికి దిష్టిచుక్క పెడతానంటే పెట్టనివ్వండి. మొలతాడు కడతానంటే, బిగించకుండా కట్టమని చెప్పి కట్టనివ్వండి. ముందుగా కొనవద్దనడం ఈ రెండో రకంలోది. దానివల్ల బిడ్డకు హాని లేదు, మనకు కొంచెం ఇబ్బంది ఉంది. ఇబ్బందిని సర్దుకునే దారులు వెతకవచ్చు.

ఇప్పటిలాగే చాటుగా తెచ్చుకోవడం ఒక దారి. వస్తువులు చేరతాయి, మీ ఆయనకు తృప్తి. కానీ కాన్పయ్యాక అర్ధరాత్రి రెండు గంటలకు బిడ్డను ఎత్తుకుని తిరిగేది ఆవిడా, మీ అమ్మగారూ. మీరు పచ్చి బాలింత, మీ ఆయన ఎక్కడో సముద్రం మీద. ఆవిడకు తెలియకుండా కొన్నవన్నీ ఆవిడ చేతుల్లోని బిడ్డకే తొడగాలి. అప్పటికి ఈ మౌనం ఇంకా గడ్డకడుతుంది. ఈ దారి నేను వద్దంటాను.

అన్నీ పుట్టాకే కొనడం మరో దారి. విశాఖలాంటి ఊళ్లో ఇది పెద్ద అసాధ్యమేమీ కాదు. ద్వారకానగర్‌లోనో జగదాంబ కూడలి చుట్టుపక్కలో ఒక సాయంత్రం తిరిగితే పసిబిడ్డకు కావలసినవన్నీ దొరుకుతాయి. ఎటూ ఒకటి రెండు రోజులు, ఆపరేషన్ అయితే ఇంకా ఎక్కువే ఆసుపత్రిలో ఉంటారు కాబట్టి వ్యవధి కూడా ఉంటుంది. కానీ తిరిగేది ఎవరు? మీ అమ్మగారికి ఊరు కొత్త. మామగారికి ఏది ఎంత కొనాలో తెలియదు. కొత్త గుడ్డను ఉతకకుండా పసిబిడ్డ ఒంటికి తగిలించకూడదు, దాని గంజీ రంగూ వదలాలి. అక్టోబరులో విశాఖలో ఉతికింది ఉతికినట్టు ఆరుతుందన్న నమ్మకం లేదు. ఎండ ఉన్నా సముద్రపు తేమ గాలికి గుడ్డ చల్లగానే ఉంటుంది. పైగా అది తుపానుల కాలం. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. కరెంటు లేక, పాలు లేక, తాగునీళ్ల కోసం పరుగులు పెట్టిన ఆ రోజులు మీ అత్తగారికి ఎవరూ గుర్తు చేయనక్కరలేదు.

ఆ రోజులనే ఆవిడతో మాట్లాడటానికి ఆధారం చేసుకోమంటాను. "అత్తయ్యా, అక్టోబరులో అలాంటి గాలివాన మళ్లీ వస్తే ఆ రాత్రి ఎక్కడికి పరిగెడతాం? ఆసుపత్రి సంచి ఒక్కటి సర్దుకుంటాను. మిగతావేవీ బిడ్డ వచ్చేదాకా ముట్టుకోను" అని అడగండి. సంచి వరకే ముందు, తక్కినవి తరువాత. ఇది నాకు నచ్చిన దారి. మంచం కింద ఉన్నవాటిని ఏం చేయాలో కూడా ఆవిడనే అడగండి. తిరిగి స్నేహితురాలి ఇంటికి పంపమంటే పంపేయండి, అక్కడ వాటికి వచ్చిన నష్టమేమీ లేదు. ఈ దారిలోనూ ఒక లోటు ఉంది. ఆవిడ సంచికి కూడా ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు ఆ సంచి మీ అమ్మగారు తెచ్చుకోవాలి. ఆవిడ ఇంట్లోకి అడుగుపెట్టేదే కాన్పుకు వారం ముందు కనుక, అది అమ్మమ్మ తెచ్చిన సంచి అవుతుంది. ఆ మాటకు అత్తవారింట్లో సాధారణంగా ఎదురు చెప్పరు.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. మన ఇళ్లలో పురిటిబిడ్డకు మొదట కొత్తబట్ట కట్టరు, పాతదే చుడతారు. మీ అత్తగారి ఆచారంలోనూ ఇది తప్పక ఉంటుంది. పాత నూలుగుడ్డ అన్నది కొనవలసిన వస్తువు కాదు, ఇంట్లో ఉన్నదే. ఎన్నోసార్లు ఉతికి మెత్తబడి ఉంటుంది, రంగు దిగదు, తడిని బాగా పీలుస్తుంది. మా పెద్దమ్మాయి పుట్టే ముందు మా అమ్మ తన నేతచీర ఒకటి తీసింది. జరీ లేని సాదా అంచే అయినా బిడ్డ ఒంటికి ఒరుసుకుంటుందని ముందు దాన్ని పొడవునా చించేసింది. మిగిలిన చీరను పంటితో చిన్న గాటు పెట్టి, చర్రుమని లాగి, మూరెడు మూరెడు ముక్కలు చేసింది. కత్తెరతో కోస్తే పోగులు లేస్తాయట. వాటిని మరిగే నీళ్లలో ఉడికించి, ఎర్రటి ఎండలో ఆరేసి, ఇస్త్రీ పెట్టి, ఉతికిన దిండు గలీబులో దాచింది. 24 పొత్తిగుడ్డలు. నెల రోజులు వాటితోనే నడిచింది. బిడ్డ తొడల సందున ఎక్కడా ఒరుపు రాలేదు.

సంచిలోకి ఏమేం కావాలన్నది చెబుతాను. ఇలాంటి పొత్తిగుడ్డలు ఓ రెండు డజన్లు. ముందువైపు ముడి వేసే జబ్లాలు ఆరు. తల మీదుగా తొడిగేవి వద్దు, మెడ నిలవని బిడ్డకు అవి తొడగడం మీ అందరికీ కంగారు. కొన్నాక మెడ వెనక కుట్టిన పేరు చీటీని కుట్టు విప్పి తీసేయండి, అది గీరుకుంటుంది. టోపీలు రెండు, మేజోళ్లు రెండు జతలు, మెత్తటి తువ్వాళ్లు మూడు నాలుగు, కింద పరిచే రబ్బరు షీటు రెండు, దోమతెర ఒకటి. డైపర్లు పసిబిడ్డల కొలతవి ఒక చిన్న ప్యాకెట్ చాలు. బిడ్డ ఎంత బరువుతో పుడుతుందో తెలియదు, ఆ కొలత పట్టుమని నెల కూడా పట్టదు. మీకోసం ముందువైపు తెరుచుకునే నైటీలు మూడు నాలుగు, ప్యాడ్లు ఎక్కువగానే పెట్టుకోండి. అందరూ బిడ్డకు సర్ది తల్లికి మరిచిపోతారు.

మీ ఆయన జాబితాలోని 62లో సగం మన వాతావరణానికి పనికిరావు. బొచ్చు దుప్పట్లు, ఉన్ని సంచులు చలిదేశాల బిడ్డల కోసం చేసినవి. విశాఖ ఉక్కపోతలో వాటిలో చుడితే బిడ్డ ఒళ్లంతా చెమటకాయలు. దిండు, పౌడరు, నడక నేర్పే చక్రాల బండి అసలు వద్దు. పసిబిడ్డను చదునైన గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలి, చుట్టూ బొమ్మలూ దిళ్లూ ఏమీ ఉండకూడదు. పాలసీసాలు, వాటిని మరిగించే యంత్రం, పాలపొడి డబ్బా ముందే కొని పెట్టుకోవడం గురించి గట్టిగా చెబుతున్నాను. అవి చేతికి అందేంత దూరంలో ఉంటే, పాలు పడటం ఆలస్యమైన రెండో రోజు రాత్రి ఎవరో ఒకరు సీసా కలిపేస్తారు. పాలపొడికీ సీసాలకూ ప్రకటనలు ఇవ్వకూడదని మన దేశంలో 1992లోనే చట్టం వచ్చింది, ఊరికే రాలేదు. అవసరం పడితే డాక్టరు చెబుతారు, మందుల దుకాణం ఆ పక్కనే ఉంటుంది. ఆర్డరు పెట్టినవాటిలో వాపసు గడువు మిగిలి ఉన్నవి ఈ వారమే వెనక్కి పంపేయండి.

ఊయల పుట్టింటివారు తేవడం మీ అమ్మగారి ముచ్చట అని రాశారు. దాన్ని బారసాల కోసం ఉంచండి. ఇప్పుడే చూసి, బయానా ఇచ్చి, బిడ్డ పుట్టాక ఇంటికి పంపమని చెబితే దుకాణంవారు ఒప్పుకుంటారు. ఇలా అడిగేవారు వాళ్లకు కొత్త కాదు.

ఇక పేరు. ముందుగా ఒక భారం దించుతాను. మీరు భయపడుతున్నట్టు ఆసుపత్రి నుంచి వచ్చేలోపు పేరు తేల్చనవసరం లేదు. జనన మరణాల నమోదు చట్టం 1969లోది. దాని ప్రకారం పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదు కావాలి. ఆసుపత్రిలో పుడితే ఆ వివరాలు వాళ్లే పంపుతారు. పేరు గడి ఖాళీగా ఉన్నా నమోదు ఆగదు. ఏడాదిలోపు రుసుము లేకుండా పేరు చేర్పించవచ్చు, ఆ తరువాత రుసుముతో 15 ఏళ్ల వరకూ వీలుంది. అంటే మీ ఆయన ఓడ దిగి వచ్చి, బిడ్డను ఎత్తుకుని, తండ్రితో కూర్చుని మాట్లాడేంత సమయం ఉంది. బారసాల కూడా 21వ రోజే జరగాలని లేదు. మూడో నెలలో చేసుకునే ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

అయితే ఏడాది ఉందికదా అని వదిలేయవద్దు. 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో, ఆ తరువాత పుట్టినవారికి బడిలో చేరడం మొదలు పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఓటు దాకా పుట్టిన తేదీకి ఈ జనన పత్రమే రుజువు. పేరు తేలిన వారంలోనే చేర్పించండి. ఇంకో జాగ్రత్త. ఆసుపత్రిలో వివరాల కాగితం ఇచ్చేసరికి మీరు మగతలో ఉంటారు, నింపేది ఎవరో ఒకరు. మా అక్క కూతురి కాగితంలో బంధువు ఒకరు తండ్రి ఇంటిపేరుకు బదులు పొడి అక్షరం వేసి, తల్లి పేరులో ఒక ఇంగ్లీషు అక్షరం మార్చేశారు. దిద్దించడానికి మూడేళ్ల పాటు తిరిగారు. మీ ఇద్దరి పేర్లు, ఇంటిపేరుతో సహా, ఆధార్‌లో ఉన్నట్టే ఒక చీటీ మీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి సంచిలో పెట్టండి. బిడ్డ పేరు గడి ఖాళీగా ఉంచమని దాని మీదే రాయండి. ఇందులో అత్తగారికి అభ్యంతరం ఉండే మాట ఏదీ లేదు.

అద్విక అంటే సాటిలేనిదని ఎక్కడో చదివానన్నారు. సంస్కృతంలో అద్వయ, అద్వితీయ అనే మాటలు ఉన్నాయి. అద్విక అనే రూపం నిఘంటువుల్లో కనిపించదు, పేర్ల జాబితాల్లోనే కనిపిస్తుంది. వినడానికి బాగుందని పెట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు, అర్థం కోసమైతే మరోసారి ఆలోచించండి. రియాన్ష్ సంగతి వేరు. ఆ పేరును మామగారి చేత ఒకసారి గట్టిగా పిలిపించి చూడండి. హల్లుతో ఆగిపోయే పేరు మన నోట్లో నిలవదు. రియాన్షు అనో రియా అనో అవుతుంది. వీధి చివర ఆడుకుంటున్న పిల్లవాడిని మేడ మీద నుంచి కేకవేసినట్టు పిలిచి చూస్తే, ఏ పేరు నిలుస్తుందో తెలిసిపోతుంది.

అప్పలనరసమ్మ గురించి ఉత్తరంలో "ఈ కాలంలో ఎవరైనా పెడతారా" అని రాశారు. ఆ మాట మామగారి ముందు అనకండి. ఉత్తరాంధ్రలో సింహాచలం అప్పన్న పేరు లేని ఇల్లు లేదు. అప్పలరాజు, అప్పలస్వామి, అప్పయ్యమ్మ, సింహాచలం అందరూ ఆ కొండ మీది స్వామి బిడ్డలే. విజయనగరం వైపు పైడితల్లి పేరున పైడిరాజులు, అనకాపల్లి వైపు నూకాలమ్మ పేరున నూకరాజులు ఉన్నట్టే ఇదీ. నవ్వేవాళ్లు ఈ ప్రాంతం తెలియక నవ్వుతారు. అలాగని ఏడక్షరాల ఆ పేరును పత్రంలో అలాగే పెడితే కలిగే కష్టమూ నిజమే. బడిలో మొదటి రోజునుంచే దాన్ని ముక్కలు చేస్తారు, ఇంగ్లీషులో ప్రతి కాగితంలోనూ ఒక్కో రకంగా రాస్తారు, మోయవలసింది బిడ్డ.

నాకు తోచిన మార్గాలు చెబుతాను, ఎంచుకునేది మీరు. ఒకటి నామకరణంలోనే ఉంది. శాస్త్రం ఒక్క పేరుతో ఆగదు. దేవత పేరు, మాసం పేరు, నక్షత్రం పేరు, పిలిచే పేరు, ఇలా ఒకటికి మించి పెట్టమంటుంది. పళ్లెంలో పోసిన బియ్యం మీద ఉంగరంతో మామగారు తన తల్లి పేరు రాయవచ్చు, మీరు మీ పేరు రాయవచ్చు. పత్రంలోకి ఎక్కేది ఒక్కటే. దీనితో ఆయన మనసు పూర్తిగా నిండుతుందని చెప్పలేను, పత్రంలో లేని పేరు నాలుగేళ్లలో ఇంట్లో వాడుక తప్పిపోతుందని ఆయనకూ తెలుసు.

ఇంకొకటి, ఆ పేరులోని భావాన్ని కొత్త పేరులోకి తేవడం. సింహాచలంలో స్వామి ఏడాది పొడవునా చందనం పూతలోనే ఉంటాడు. అక్షయ తృతీయ నాడు ఒక్కరోజే నిజరూప దర్శనం. ఆ లెక్కన చందన అన్నది అప్పలనరసమ్మకు మనవరాలి వరస పేరు. మూడక్షరాలు, ఏ భాషవాళ్లయినా పలుకుతారు, అర్థం కోసం ఎక్కడా వెతకనక్కరలేదు. మగపిల్లవాడైతే నరహరి ఉంది. సింహాద్రి అన్నా నాకు ఇష్టమే, అది పాతబడే పేరు కాదు. తరగతిలో ఇంకో ఇద్దరు చందనలు ఉండవచ్చు. ఒకేఒక్క పేరు కావాలన్నది మీ కోరిక అయితే ఇది మీకు నచ్చదు. అప్పుడు మీకు నచ్చినదే పెట్టుకోండి, తల్లిదండ్రులుగా ఆ హక్కు మీ ఇద్దరిదీ. మామగారు కొంతకాలం బాధపడతారు, మనవరాలు "తాతా" అనేసరికి చాలామంది పెద్దలు మెత్తబడతారు. ఆయన మాత్రం బిడ్డను నరసమ్మ అనే పిలవవచ్చు. పిలవనివ్వండి.

నక్షత్రం అక్షరం కావాలని ఆయన అంటే, బిడ్డ పుట్టేదాకా ఏ పేరూ ఖాయం కాదని మీరే ఒప్పుకోవచ్చు. 27 నక్షత్రాలు, ఒక్కోదానికి నాలుగు పాదాలు, 108 అక్షరాలు. పాదం సుమారు ఆరు గంటలకు మారిపోతుంది. హస్తా నక్షత్రానికి పూ, షం, ణా, ఠా వస్తాయి. ణా తో ఎవరు పేరు పెడతారు? అందుకే పురోహితులే నక్షత్రం పేరు ఒకటి, పిలిచే పేరు ఒకటి విడిగా పెట్టిస్తారు.

ఏ మార్గమైనా, మామగారితో మాట్లాడవలసింది మీ ఆయన. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు. ఆ మాట మీ నోటి నుంచి వెళితే "కోడలు మా అమ్మ పేరు వద్దంది" అవుతుంది, పదేళ్లు మోస్తారు. కొడుకు అంటే తండ్రీకొడుకుల మాటగా ముగుస్తుంది. ఓడ ఏదైనా రేవుకు చేరినప్పుడు తీరికగా ఫోను చేసి, నిర్ణయం చెప్పేముందు నాయనమ్మ గురించి తండ్రిని అడగమనండి. మార్కెట్‌కు ఎన్నింటికి లేచి వెళ్లేది, బుట్ట ఎంత బరువుండేది, ఫీజు డబ్బు ఎక్కడ దాచేది. ఆయన పట్టుదల ఆ పేరు మీద ఎంతో, ఆ తల్లిని అందరూ మరిచిపోతారన్న దిగులు మీదా అంతే ఉందనిపిస్తోంది.

అత్తగారి దగ్గరికి మాత్రం మీరే వెళ్లాలి. మేజోళ్ల గురించి క్షమాపణలతో మొదలుపెట్టవద్దు, అది మళ్లీ వస్తువుల మీది చర్చ అవుతుంది. ఆవిడ పప్పు ఏరుతున్నప్పుడో పూలు గుచ్చుతున్నప్పుడో పక్కన కూర్చుని, మూడో నెలలో పోయినదాని గురించి మీకింకా భయంగా ఉందని చెప్పండి. ఆ రోజుల్లో మీకేమనిపించిందో ఆవిడకు ఇంతవరకూ చెప్పి ఉండరు. ఆవిడ తన పాప గురించి మాట్లాడితే వినండి. లేచి వెళ్లిపోతే వెళ్లనివ్వండి, వెంటపడవద్దు. వదినగారు చెప్పారన్న సంగతి ముందుగా ఎత్తవద్దు, ఆవిడ తన నోటితో చెప్పేదాకా అది మీకు తెలియనట్టే ఉండనివ్వండి.

తరువాత ఒకరోజు, తొందరేమీ లేదు, ఇంకా నెలన్నర ఉంది, పొత్తిగుడ్డలకు ఒక పాత నూలుచీర కావాలని ఆవిడను అడగండి. ఇవ్వకపోతే మీ అమ్మగారి చీర ఉండనే ఉంది. ఇస్తే, మీరు కత్తెర తేవద్దు. చింపడం ఆవిడకే వదలండి.